ఒంటిచేతి స్వెటరు

మా మేనకోడలి చేతిసంచిలో చెయ్యి పెడితే మొదట తగిలేది ఊలు ఉండ. ఆ తరువాత అల్లిక సూదులు, ఆ తరువాత కళ్లజోడు, అన్నింటికీ అడుగున ఎక్కడో ఫోను. ఫోన్లతో బతికే మనిషి సంచిలో ఫోను అట్టడుగున పడి ఉండడమేమిటని మొదట్లో నేను ఆశ్చర్యపడేవాణ్ణి. రోజంతా చెప్పులు కుట్టే మనిషికి ఇల్లు చేరాక ఉత్త కాళ్లతో తిరగాలనిపిస్తుంది కదా, ఇదీ అంతేనని తరువాత సరిపెట్టుకున్నాను.

ఆమె ఉద్యోగం మొబైలు యాప్‌లను పరీక్షించడం. నేను కూడా జీవితమంతా పరీక్షలు పెట్టినవాణ్ణే కాబట్టి, ఆ మాట వినగానే ఇంట్లో ఇన్నాళ్లకు ఒక సాటి వృత్తివారు దొరికారని సంబరపడ్డాను. కానీ ఒక తేడా ఉన్నది. నేను పిల్లలు ఒప్పు రాస్తే మార్కులు వేసేవాణ్ణి. ఆమెకు తప్పు దొరికితేనే మార్కులు. ఒక్క తప్పూ దొరకని రోజున మొహం వేలాడేసుకుని ఇంటికి వస్తుంది.

ఈ బుద్ధి ఆమెకు పుట్టుకతోనే వచ్చింది. మా చెల్లెలు ఒకసారి కూతురికి కొత్త గొడుగు కొనిపెడదామని దుకాణానికి తీసుకువెళ్లింది. ఆ పిల్ల గొడుగు తెరిచి, తిన్నగా పెద్ద పంకా ముందుకు నడిచింది. గొడుగు తిరగబడింది. దుకాణదారు లబోదిబోమన్నాడు. “గాలికే ఆగనిది వానకేం ఆగుతుందండీ?” అని అడిగిందట అతణ్ణి, ముక్కు మీద వేలేసుకునేంత మర్యాదగా. మరొకప్పుడు మా ఇంట్లో గోడ గడియారం ముల్లు వెనక్కి తిప్పి, ఎవరు ముందుగా కనిపెడతారోనని తలుపు చాటున నిలబడింది. కనిపెట్టినవాడు ఒక్కడూ లేడు. ఆ రోజు ఇంటిల్లిపాదీ ఎక్కడికి వెళ్లవలసినవాళ్లం అక్కడికి ఆలస్యంగా వెళ్లి చీవాట్లు తిన్నాం. అందరికంటే ముందు బడికి వచ్చి గంట కొట్టించే ఉపాధ్యాయుడినని నాకున్న పేరు ఆనాటితో మట్టిలో కలిసింది. సరే, అది వేరే కథ.

మేము ఒకే భవనంలో ఉంటాం. నేను కింది వాటాలో, మేనకోడలూ ఆమె భర్తా పై వాటాలో. నా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎదురుగా బస్‌స్టాప్. ఈ కథలో సగం ఆ స్టాపులోనే జరిగింది.

అల్లుడు బేకరీలో పెద్ద పనివాడు. ఊరు నిద్రలేచేసరికి రొట్టె వేడిగా ఉండాలంటే పిండి కలిపేవాడు సాయంత్రమే పనిలోకి వెళ్లాలి. తెల్లవారుజామున కాల్చడం ముగిసినా, ఆ రొట్టెలను వ్యానులో వేసుకుని దుకాణదుకాణానికీ చేర్చే బాధ్యత కూడా అతడిదే. అతడు ఇల్లు చేరేసరికి ఆమె ఆఫీసు బస్సు ఎక్కి ఉండేది. ఇక ఆమె సాయంత్రం తిరిగివచ్చే బస్సూ, అతడు పనికి బయలుదేరే బస్సూ ఒక్కటే. ఆమె ముందు తలుపులోంచి దిగేది. అతడు వెనుక తలుపులోంచి ఎక్కేవాడు. ఆమెకు సెలవు రోజైన ఆదివారం, బేకరీకి శనివారపు పని ఎక్కువ కావడం వల్ల, అతడికి పగలంతా నిద్ర. పెళ్లై ఇన్నేళ్లైన ఆ దంపతుల సంభాషణ బస్సు కిటికీ ఊచలకు ఇటొకరు అటొకరుగా నడిచేది. వరండాలో కూర్చున్న నాకు అది రోజూ వినిపించేది.

“తాళంచెవి ఇదిగో. పంపు కట్టేశాను.”

“మందు వేసుకున్నారా?”

“వేసుకున్నా. ముందు నువ్వు తిను.”

“తెల్లారగట్ల వ్యానులో చలేస్తుంది, మెడకి కాస్త...”

బస్సు కదిలిపోయేది. ఆ వాక్యంలో మిగిలిన సగం రోడ్డు మీదే ఉండిపోయేది. వ్యాకరణం చెప్పి బతికినవాడికి క్రియ లేకుండా తెగిపోయిన వాక్యం వింటే ప్రాణం విలవిలలాడుతుంది. ఎన్నో సాయంత్రాలు నేను కుర్చీలోనే “చుట్టుకోండి” అని ఆ వాక్యాన్ని పూర్తిచేసేవాణ్ణి, ఎవరికీ వినిపించకుండా.

ఆమె ఇంకొంచెం ముందుగా రావచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. నేనూ అడిగాను.

“రాలేను మామయ్యా. వరస పూర్తవ్వాలి,” అన్నది.

వరస అంటే ఏమిటో చెప్పాలి. ఆమె కంపెనీ తయారుచేసేది బస్సు ఎప్పుడు వస్తుందో చెప్పే యాప్. అది కొత్త ఫోనులోనూ పనిచేయాలి, పాత ఫోనులోనూ పనిచేయాలి. అరచేతిలో పట్టనంత పెద్దదానిలోనూ, అరచేతిలో కనిపించనంత చిన్నదానిలోనూ పనిచేయాలి. లోకంలో ఉన్న ఫోన్లన్నీ కొని బల్ల మీద పేర్చుకోవడం ఎవరి తరమూ కాదు. అందుచేత ఎక్కడో దూరాన ఒక గదినిండా అరలు కట్టి, వాటిలో నిజమైన ఫోన్లను పేర్చి, నెట్ ద్వారా అద్దెకిచ్చేవాళ్లు ఉంటారు. ఇక్కడ కంప్యూటరు తెర మీద నొక్కితే, అక్కడ ఆ ఫోను మీద వేలు పడినట్లే. వీటిని క్లౌడ్ ఫోన్లంటారట.

“మబ్బులో పెడితే ఫోను తడవదూ?” అని అడిగాను.

“అది మబ్బు కాదు మామయ్యా, పరాయివాళ్ల గది. మబ్బు అని పేరు పెడితే అద్దె ఎక్కువ అడగొచ్చు కదా!”

ప్రతిరోజూ యాప్‌లో ఏదో ఒక మార్పు జరుగుతుంది. ఆ మార్పు వల్ల ఎక్కడా ఏదీ చెడిపోలేదని, జాబితాలో ఉన్న ఫోన్లన్నింటి మీదా వరసగా చూసుకుంటేనే ఆ రోజు పని ముగిసినట్లు. ఒక్కొక్క ఫోనునూ అడిగినప్పుడల్లా అక్కడివాళ్లు దాన్ని శుభ్రంగా తుడిచి, మొదటినుంచి ఆన్ చేసి ఇస్తారు. ఆ ఆన్ కావడంలోనే ఉంది తిరకాసంతా. వాళ్లు వాడుతున్న అద్దె ఫోన్లు నిద్రలేవడానికి తీసుకునే కాలంలో మనిషి స్నానం చేసి రావచ్చునని ఆమె ఎకసెక్కం. రోజంతా కలిపితే పనికంటే ఆ ఎదురుచూపే ఎక్కువ.

ఆ పరీక్షల గదిలో ఆమెతో కలిపి ముగ్గురు. ఫోను లేచేలోగా ఏదో ఒకటి చేయాలి కదా. ఒకాయన నొక్కీ నొక్కగానే లేచి నీళ్లు తాగడానికి వెళ్లేవాడు. అందుచేత ఆయన పేరు దాహం. ఒకావిడ కిటికీ దగ్గరకు వెళ్లి, ఎదుటి భవనం వైపు చూస్తూ, ఒక పల్లవి మొదలుపెట్టి చరణం దాకా వెళ్లి తిరిగివచ్చేది; ఆవిడ పేరు కూనిరాగం. మా మేనకోడలు ఊలు అల్లేది. ఆ ఇద్దరూ ఆమెను “ఊలక్కా” అని పిలిచేవారు.

ఆ విధంగా, ఎక్కడో ఫోన్లు నిద్రలేవడానికి పట్టే కాలంతో మా ఇంట్లో సమస్త వస్తువులకూ బట్టలు తయారయ్యాయి. టీవీ రిమోటుకు తొడుగు, కుర్చీ కాళ్లకు మేజోళ్లు, నా కళ్లజోడు పెట్టెకు కోటు. చివరకు కుక్కరు మూతకు కూడా టోపీ వచ్చేసరికి అల్లుడు నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు: “మామయ్యగారూ, మీరు ఒకేచోట కదలకుండా కూర్చోకండి. మీక్కూడా తొడుగు వేసేస్తుంది.”

“మీకే వేస్తున్నాను, ఆగండి,” అన్నది ఆమె మెట్ల మీదినుంచి. అప్పుడు మొదలైంది అల్లుడి స్వెటరు. తెల్లవారుజామున తెరిచిన వ్యానులో నిలబడి వెళ్లే మనిషి కోసం, ముదురు నీలం ఊలుతో. ముందు భాగం అయింది, వెనుక భాగం అయింది, ఇక చేతులు మిగిలాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ అద్దె ఫోన్ల ఒప్పందం ముగింపుకు వచ్చింది. వాళ్ల మేనేజరు ప్రతి విషయాన్నీ అటూ ఇటూ తూచి గానీ నోరు విప్పడు. ఆఫీసులో ఆయన్ను త్రాసు అంటారు. ఆ పేరు తనకు తెలుసని చాటుకోవడం ఆయనకొక సరదా. ఆయన ఒక ఉదయం ముగ్గురినీ పిలిచి, త్వరగా లేచే ఫోన్లిచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూడమన్నాడు. మిగిలిన ఇద్దరూ నేల చూపులు చూశారు. మా మేనకోడలు చెయ్యెత్తింది. చిన్నప్పుడు తరగతిలో కూడా అంతే: చెయ్యెత్తడమే ముందు, ఆలోచించడం తరువాత.

ఆమె ఎందుకు చెయ్యెత్తిందో నాకు ఆ సాయంత్రమే తెలిసింది. బస్సు దిగి, అల్లుడికి కిటికీలోంచి టిఫిను డబ్బా అందించి, బస్సు వెళ్లిపోయాక నా వరండా మెట్టు మీద కూలబడింది.

“మామయ్యా, ఫోన్లు త్వరగా లేస్తే వరస త్వరగా అవుతుంది. వరస త్వరగా అయితే నేను ముందు బస్సు ఎక్కుతా. ముందు బస్సు ఎక్కితే ఆయన ఇంట్లో ఉండగానే వస్తా. మేమిద్దరం కూర్చుని ఒక్క కప్పు టీ తాగొచ్చు. రోజూ!”

రోజూ అన్న ఆ మాటను ఆమె ఎంత మురిపెంగా పలికిందో రాయడానికి నా దగ్గర విరామచిహ్నం లేదు.

ఇక ఎంపిక మొదలైంది. మొదటి కంపెనీ ఫోను తెర చిటికెలో వెలిగింది. దాహం చప్పట్లు కొట్టాడు. ఆమె వెంటనే యాప్ గుర్తు మీద నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే. తెర వెలగడం వేరు, వేలికి బదులు చెప్పడం వేరు. ఆ వెలుగు చూపించి త్వరగా లేచిందంటారు గానీ, నిజానికి లేవడం లోపల ఇంకా సాగుతూనే ఉంటుంది. ఆమె ఈ సంగతి చెప్పగానే నాకు నా తరగతి గది కళ్లకు కట్టింది. హాజరు పిలిస్తే అందరికంటే గట్టిగా “ఉన్నానండీ!” అనే పిల్లవాడొకడు ప్రతి తరగతిలోనూ ఉంటాడు. మరుక్షణంలో ప్రశ్న అడగండి, వాడు లేడు. శరీరం బెంచీ మీద, మనసు మైదానంలో. అటువంటి పిల్లలకు నేను హాజరు వేసేవాణ్ణి, ఎందుకంటే నాకు వాళ్లంటే ఇష్టం. మా మేనకోడలు వేయలేదు. “తెర ఎప్పుడు వెలిగిందన్నది నాకొద్దు. నా మొదటి నొక్కుడికి ఎప్పుడు బదులిచ్చిందో అదే లెక్క,” అని మిగిలిన ఇద్దరికీ చెప్పి, ఆ కంపెనీని పక్కన పెట్టింది.

రెండో కంపెనీ ఫోను నిజంగానే త్వరగా లేచింది, మొదటి నొక్కుడికే బదులిచ్చింది కూడా. ముగ్గురూ సంతోషంగా పనిలో ఉండగా ఉన్నట్టుండి అలారం మోగింది. తెర మీద పెద్ద అక్షరాలు: పొయ్యి మీద పాలు!

“అయ్యో పాలు!” అంటూ దాహం ఆఫీసు వంటగది వైపు పరుగెత్తాడు. అక్కడ పొయ్యే లేదు, టీ మిషను ఉంది. ఆయన తిరిగివచ్చేసరికి మిగతా ఇద్దరూ బల్లల మీద వాలిపోయి నవ్వుతున్నారు. ఆ ఫోనును అంతకుముందు అద్దెకు తీసుకున్న మరెవరో తమ ఇంటి అలారం అందులో పెట్టుకుని, తీయడం మరిచిపోయారు. ఆ కంపెనీవాళ్లు ఫోనును తుడవకుండానే తరువాతివాళ్లకు ఇచ్చేస్తున్నారన్నమాట. త్వరగా లేవడంలోని మర్మం అది.

“ఊడవని గదైతే ఎవరైనా వెంటనే ఇస్తారు మామయ్యా,” అన్నది ఆమె. “కానీ రేపు అందులో చెత్త కనిపిస్తే అది మన యాప్ వేసిందో పాత అద్దెవాళ్లు వేసిందో నాకెలా తెలుస్తుంది?”

మూడో కంపెనీవాళ్ల పద్ధతి వేరు. మనం అడిగాక ఫోనును లేపడం కాకుండా, ప్రతి రకంలోనూ కొన్నింటిని ముందే తుడిచి, ముందే లేపి, సిద్ధంగా నిలబెట్టి ఉంచుతారు. అడగ్గానే అందిస్తారు. ధర కొంచెం ఎక్కువే. కానీ తెర వెలగడమూ, వేలికి బదులివ్వడమూ ఒక్కసారే. ఆమె దాన్ని పంకా ముందు గొడుగులా అన్ని విధాలా తిప్పి చూసింది, అది తిరగబడలేదు. కొన్ని వారాలు వాడి చూడడానికి త్రాసు ఒప్పుకున్నాడు.

ఆ మొదటి సోమవారం ఆమె ఇంటినుంచి బయలుదేరిన తీరు చూడాలి. “మామయ్యా, సాయంత్రం ఆయన్ని టీ పెట్టి ఉంచమనండి!” అని వీధి చివరినుంచి కేకేసింది. అల్లుడు టీ పెట్టాడు. టీ చల్లారింది. ఆమె ఎప్పటి బస్సులోనే దిగింది.

మంగళవారమూ అంతే. ఆ వారమూ, ఆ తరువాతి వారమూ అంతే. ఫోన్లు త్వరగా లేస్తున్నాయి, ఎవరూ కాదనలేరు. కానీ వరస మాత్రం ఎప్పటి వేళకే ముగుస్తున్నది. ఇదేమి మాయో ముగ్గురికీ అంతుచిక్కలేదు. అల్లుడు టీ పెట్టడం మానేసి, మళ్లీ స్టాపుకు వెళ్లడం మొదలుపెట్టాడు.

ఒక శుక్రవారం త్రాసు ఆమెను గదికి పిలిచాడు.

“ఫోన్లు త్వరగా లేస్తున్నాయంటున్నారు. బాగుంది. మీరు ఇంటికి వెళ్లే వేళ మారిందా?”

“లేదు సార్.”

“మరి త్రాసు ఎటు మొగ్గాలంటారు?”

“ఇంకొన్నాళ్లు చూద్దాం సార్. ఎక్కడో ఏదో పొరపాటు జరుగుతోంది.”

“మీకెందుకమ్మా ఇంత పట్టుదల? పాత ఫోన్లతో పని ఆగలేదు కదా.”

ఆమె సాధారణంగా ఇంటి మాటలు ఆఫీసులో మాట్లాడదు. ఆ రోజు నోరు జారింది. “మా ఆయన ముఖం ఒక్కసారి వెలుతురులో, కూర్చుని, తీరిగ్గా చూడాలనుంది సార్.”

త్రాసు బల్ల మీది కాగితంలో గడులన్నీ వెతికాడు. “దీన్ని నేను ఏ గడిలో రాయను?” అన్నాడు చివరకు, కోపంగా కాదు, నిజంగానే తెలియక. “సోమవారం పాతవాళ్లకే ఖాయం చేసేస్తాను. ఈలోగా ఆ పొరపాటేదో దొరికితే చెప్పండి.”

ఆదివారం మధ్యాహ్నం ఆమె ల్యాప్‌టాపు చంకన పెట్టుకుని కింది వాటాకు వచ్చింది. పైన అల్లుడు నిద్రపోతున్నాడు. ఆ అద్దె ఫోన్ల తెర మీద జరిగిందంతా వీడియోగా నమోదవుతుందట. వారంలో జరిగిన పనినంతా కూర్చుని చూస్తే తప్పు ఎక్కడుందో తెలియకపోతుందా అని ఆమె ఆశ. అన్నం బల్ల మీద ల్యాప్‌టాపు పెట్టి, పక్కన ఊలు సంచి పెట్టుకుని, మొదటి వీడియో నొక్కింది. అది దాహం పని చేసిన ఫోను.

ఫోను లేచింది. చక్కగా, తెల్లగా, తుడిచిన పలకలా నిలబడింది. ఎవరూ నొక్కలేదు. పైన మూలలో దాని గడియారం ఒక అంకె మారింది. అయినా ఎవరూ నొక్కలేదు. కాసేపటికి తెర మసకబారింది, ఇంకాసేపటికి ఆరిపోయింది.

“చెడిపోయిందా?” అన్నాను.

ఆమె తెర దగ్గరకు వంగింది. ఇంకొంతసేపటికి ఎవరి వేలో పడినట్లు ఫోను మళ్లీ లేచింది, అప్పుడు పని మొదలైంది.

తరువాతి వీడియో కూనిరాగానిది. అక్కడా అదే తంతు. ఫోను సిద్ధంగా నిలబడింది, ఎదురుచూసింది, విసిగి పడుకుంది. అతిథి వేళకు వచ్చి గుమ్మంలో నిలబడి ఉంటే, ఇంటివాళ్లు పెరట్లో కూర్చుని ఆయన ఇంకా రాలేదేమని మాట్లాడుకుంటున్నట్లుంది.

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. “మామయ్యా! నొక్కగానే నీళ్లకెళ్లిపోయాడు! ఈవిడ కిటికీ దగ్గరికెళ్లిపోయింది! అది లేచిందో లేదో వెనక్కి తిరిగి చూసినవాళ్లే లేరు!”

“మరి నువ్వో?”

ఆ ప్రశ్న ఆమెకు నచ్చలేదు. మొహం చిట్లించి తన వీడియో తెరిచింది. ఫోను లేచింది. నిలబడింది. మసకబారింది. ఆరిపోయింది. ఆమె మెల్లగా సంచిలోంచి నీలం స్వెటరు తీసింది. ఎడమ చెయ్యి పూర్తయి ఉంది. దాని మీద వేలితో కింది నుంచి పైకి నిమిరింది.

“ఇదిగో, ఈ వరస ఇది. ఈ వరస ఇందాకటిది. ఈ చెయ్యంతా ఈ నెలలోనే అల్లాను మామయ్యా, కొత్త ఫోన్లు వచ్చాకే. ఆయనకి స్వెటరు అల్లుతున్నాననుకుంటూ ఆయన సాయంత్రమంతా అల్లేశాను!”

ఏడుస్తుందేమోనని నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఆమె భుజాలు కదిలాయి. నవ్వు! పైన భర్త నిద్ర చెడుతుందని ఊలు ఉండను నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారేదాకా నవ్వింది. ప్రతి వస్తువులోనూ తప్పు వెతికే మనిషికి, తనలో దొరికిన తప్పంత రుచిగా మరేదీ ఉండదని నాకు ఆ రోజు తెలిసింది.

మన పెద్దలు క్రియల్లో ఒక రకానికి అసమాపకం అని పేరు పెట్టారు. నొక్కి, లేచి, వెళ్లి, తాగి అంటూ వాక్యం సాగుతూనే ఉంటుంది. చివరకు ఒక సమాపక క్రియ వచ్చి చెయ్యి పట్టుకుంటే గానీ నిలవదు. ఆ ముగ్గురి పనిదినం ఏళ్ల తరబడి అలా సాగింది. ఎదురుచూడడం అలవాటై, ఎదురుచూడవలసింది పోయినా అలవాటు పోలేదు. ఈ ఉపమానం ఆమెకు చెప్పబోయాను గానీ, అప్పటికే ఆమె ల్యాప్‌టాపు మూసేసి మెట్లెక్కుతున్నది.

సోమవారం పొద్దున త్రాసు గదిలో ఆ వీడియోలు ఆడాయి. ఆరిపోయిన మూడో ఫోను చూశాక త్రాసు నవ్వాడట. ఆయన నవ్వడం ఆఫీసులో అంతకుముందు ఎవరూ చూడలేదు కాబట్టి, దాహం అది దగ్గేమోననుకుని నీళ్లు తేవడానికి లేచాడట. “కూర్చో!” అన్నారట ముగ్గురూ ఒకేసారి.

“ఈ వారం మీది,” అన్నాడు త్రాసు. “శుక్రవారం చూస్తాను.”

అలవాటును మానుకోవడం అనుకున్నంత తేలిక కాలేదు. మా మేనకోడలు తన ఊలు సంచిని కూనిరాగం సొరుగులో పెట్టి తాళం వేయించింది. అయినా ఫోను మీద నొక్కగానే చెయ్యి దానంతటదే కుర్చీ పక్కకు వెళ్లి గాలిలో తడుముకునేది. కూనిరాగం కిటికీ వైపు సగం దూరం వెళ్లి, నాలుక కరుచుకుని, పల్లవి మధ్యలో వెనక్కి తిరిగేది. అందరికంటే గొడవ చేసింది దాహం.

“ఊలక్కా, నీళ్లు తాగడం కూడా నేరమేనా?”

“తాగు బాబూ, కడుపునిండా తాగు. ఫోను అడగకముందు తాగు.”

“అప్పుడు దాహం వెయ్యదు కదా!”

“మరి ఇన్నాళ్లూ నీకు వేసింది దాహం కాదన్నమాట. ఇంకో పేరు వెతుక్కో.”

“నన్నంటావు గానీ, నీ చెయ్యి చూడు. ఏం దువ్వుతోంది అక్కడ? పిల్లినా?”

ఆమె చెయ్యి మళ్లీ గాలిలో ఉంది.

బుధవారం ఆమెకు ఒక ఉపాయం తట్టింది. మనిషికి విరామం కావాలి; దాన్ని చిల్లరగా ఫోన్లకు పంచిపెట్టడం దేనికి? సగం ఫోన్లు చూడగానే ముగ్గురూ కలిసి మేడ మీదికి వెళ్లి, ఎండలో కూర్చుని, టీ తాగి, కూనిరాగం చేత పాట మొత్తం పాడించుకుని రావాలని నిర్ణయించారు. పల్లవి తప్ప ఎన్నడూ వినని దాహానికి, ఆ పాటకు చివరి చరణం ఉందని అప్పుడే తెలిసింది. అది చాలా బాగుందట. “ఇన్నాళ్లూ దీన్ని దాచుకున్నావా?” అని ఆవిడతో తగువు పెట్టుకున్నాడట.

శుక్రవారం త్రాసు పరీక్షల గదిలోకి వచ్చేసరికి గోడ మీద ఇంకా ఎండ ఉంది. మూడు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. ముగ్గురూ సంచులు తగిలించుకుని, తమ కళ్లను తామే నమ్మలేక, గది మధ్యలో నిలబడి ఉన్నారు. వరస ముగిసింది.

“మీ ఆయనకు నా నమస్కారం చెప్పండి,” అన్నాడు త్రాసు మా మేనకోడలితో. “కొత్తవాళ్లకే ఖాయం.”

బస్సు కోసం ఆగే ఓపిక కూడా ఆమెకు లేదు. కూనిరాగం స్కూటరు వెనుక ఎక్కి, మా వెనుక సందులో దిగి, పెరటి తలుపులోంచి వచ్చి, మెట్లు చప్పుడు చేస్తూ పైకి పరుగెత్తడం నాకు వినిపించింది. మరుక్షణంలో అదే చప్పుడు కిందికి వచ్చింది.

“మామయ్యా, తాళం వేసుంది! ఆయనేరి?”

“స్టాపులో.”

“ఇప్పుడేం స్టాపు? బస్సుకి ఇంకా బోలెడు టైముంది!”

“రోజూ ఈ వేళకే వెళ్లి కూర్చుంటాడమ్మా.”

“ఎందుకు?”

“నీ బస్సు ఏనాడైనా ముందొస్తుందేమోనని.”

ఆమె స్టాపు వైపు తిరిగింది. బస్సు ఎప్పుడొస్తుందో ఖచ్చితంగా చెప్పే యాప్ తయారుచేసే మనిషి భర్త, ఆ యాప్ జేబులోనే పెట్టుకుని, దాన్ని నమ్మకుండా రోజూ అంతసేపు బల్ల మీద కూర్చుంటున్నాడు. కొత్త ఫోన్లు వచ్చిన నాటినుంచి కాదు, ఎన్నో నెలలుగా. నాకు వరండాలోంచి కనిపిస్తూనే ఉంది. ఆమె దిగేది బస్సు వచ్చాకే కాబట్టి, అతడు ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో ఆమెకు తెలిసే అవకాశమే లేదు.

ఆ తరువాత జరిగింది వాళ్లిద్దరూ చెప్పగా విన్నది. ఇద్దరూ ఒకేసారి చెప్పారు కాబట్టి కొంత కలగాపులగంగా ఉండవచ్చు.

అల్లుడు బస్సు వచ్చే దిక్కుకే మెడ తిప్పి కూర్చుని ఉన్నాడు. ఆమె వెనుకనుంచి వెళ్లి పక్కన కూర్చుంది. ఎవరో ప్రయాణికులనుకుని అతడు మర్యాదగా జరిగి, సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మెడ మాత్రం తిప్పలేదు.

“బస్సు ఎప్పుడొస్తుందండీ?” అని అడిగింది గొంతు మార్చి.

“మా ఆవిడ చేసిన యాప్ ఉందండీ, అందులో చూసుకోండి. చాలా బాగా చెబుతుంది.”

“మరి మీరు చూసుకోరా?”

“నేను బస్సు కోసం కాదండీ, మా ఆవిడ కోసం...” అంటూ తిరిగాడు.

ఆ తరువాత ఏమన్నాడో ఇద్దరూ చెప్పలేదు. వరండాలోంచి నాకు కనిపించింది ఇది: అతడు లేచి నిలబడ్డాడు, బస్సు కోసం రోడ్డు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, మళ్లీ రోడ్డు వైపు చూశాడు. బస్సు రాకుండా ఈమె ఎక్కడినుంచి ఊడిపడిందో అర్థంకాక. తరువాత ఇద్దరూ కలిసి రోడ్డు దాటి ఇంటికి వచ్చారు. ముగ్గురం వరండాలో టీ తాగాం. ఎండ ఏటవాలుగా పడి అల్లుడి ముఖం మీద ఉంది. ఆమె టీ చల్లారిపోయింది, తాగడం మరిచిపోయింది.

“ఏంటలా చూస్తున్నావు?” అన్నాడతడు, చెవుల దాకా ఎర్రబడి.

“కనుబొమల్లో పిండుంది. ఎన్నాళ్లనుంచి ఉంది?”

“నాకేం తెలుసు! చూసినవాళ్లు చెప్పాలి.”

ఎప్పటి బస్సు ఎప్పటి వేళకు వచ్చింది. ముందు తలుపులోంచి ఎవరూ దిగలేదు. అతడు వెనుక తలుపులోంచి ఎక్కి, కిటికీ దగ్గర కూర్చున్నాడు. “తెల్లారగట్ల చలేస్తుంది, మెడకి కాస్త ఏదైనా చుట్టుకోండి,” అన్నది ఆమె. బస్సు అప్పటికీ కదలలేదు. వాక్యం పూర్తయింది, ఇంకా కాస్త సమయం మిగిలింది కూడా. ఆ మిగిలిన సమయంలో ఏం మాట్లాడాలో తెలియక ఇద్దరూ నవ్వుకుంటూ ఉండిపోయారు.

కథ ఇక్కడ ఆపవచ్చును. కానీ ఆ స్వెటరు సంగతి చెప్పకుండా ఆపితే చదువరులు నన్ను క్షమించరు.

ఆఫీసులో ఎదురుచూపు పోయింది కాబట్టి అల్లికకు తీరిక కూడా పోయింది. స్వెటరు ఎడమ చేతితో ఆగిపోయింది. చలికాలం మాత్రం ఆగలేదు. అల్లుడు ఒంటిచేతి స్వెటరే తొడుక్కుని వ్యానులో వెళ్లడం మొదలుపెట్టాడు. దుకాణాలవాళ్లు “రెండో చెయ్యి ఎవరికిచ్చావయ్యా?” అని ఆటపట్టిస్తే, “తయారవుతోంది, తొందరేముంది?” అంటాడట. అవుతోంది అన్న ఆ వర్తమానకాలంలో ఎంత సుఖముందో అతడు ఏ వ్యాకరణమూ చదవకుండానే కనిపెట్టాడు.

కుడి చెయ్యి ఇప్పుడు సాయంత్రాల్లో మా వరండాలో తయారవుతున్నది. ఆమె అల్లుతుంది, అతడు ఊలు ఉండ పట్టుకుని, దారం వదులుతూ, బేకరీ కబుర్లు చెబుతాడు. మాటల్లో పడి ఆమె సూదులు ఆగిపోతాయి. ఈ లెక్కన అది చలికాలం వెళ్లాక గానీ పూర్తికాదు.

నిన్న ఆమె టీ తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు, అల్లుడు చుట్టూ ఒకసారి చూసి, అప్పుడే అల్లిన వరసను మెల్లగా విప్పి, ఆ దారాన్ని తిరిగి ఉండకు చుట్టేశాడు. నేను ఏమీ చూడనట్లు వార్తాపత్రిక పైకెత్తుకున్నాను. ఆమె వచ్చి కూర్చుని, అల్లిక చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం ఆగింది. గొడుగులో, గడియారంలో, లోకంలో ఉన్న ఫోన్లన్నింటిలో తప్పు పట్టే మనిషికి వరస తగ్గిందని తెలియకుండా ఉంటుందా?

ఆమె సూదులు సర్దుకుంది. అదే వరసను మొదటినుంచి అల్లడం మొదలుపెట్టింది.